మూడు టచ్‌డౌన్లు వేసిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి పాతవాణ్ణే ఎందుకు ఆడిస్తున్నారు?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి వేరే రాష్ట్రంలో ఒక యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతోంది. ఇన్నేళ్లుగా అమెరికాలో ఉన్నా నాకు క్రికెట్ తప్ప ఇంకోటి ఎక్కేది కాదు. అమ్మాయి అక్కడ చేరాక కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. వాళ్ల టీమ్‌కి మూడో సంవత్సరం కుర్రాడు క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసిరి ఆట నడిపేవాడు. ఏదో నెట్టుకొస్తున్నాడు. ఈ ఏడాది కొత్తగా వచ్చిన ఫ్రెష్‌మన్ ఒకడున్నాడు, హైస్కూల్లో ఐదు స్టార్ల రేటింగ్ ఉన్నవాడు. మూడో ఆటలో చివర్లో దింపితే చకచకా మూడు టచ్‌డౌన్లు వేశాడు, అంటే మూడుసార్లు బంతిని అవతలి గీత దాటించాడు. మరుసటి శనివారం చూస్తే మళ్లీ పాతవాడే! రెండు ఇంటర్‌సెప్షన్లు (అవతలి జట్టు పట్టేసిన పాస్‌లు) ఇచ్చాడు, ఓడిపోయాం. నేను ఆగలేక స్టాండ్‌లో లేచి 'వాణ్ణి తీసెయ్యండి' అని అరిచాను. మా అమ్మాయి లేచి వెళ్లి నాలుగు వరసల అవతల కూర్చుంది. ఆ అబ్బాయి తన స్టాటిస్టిక్స్ క్లాసులోనే ఉంటాడట. ఫామ్‌లో ఉన్నవాణ్ణి ఆడించాలని లక్షల డాలర్లు తీసుకునే కోచ్‌కి తెలియదా? మా ఇద్దరిలో ఎవరిది రైటో మీరే తీర్పు చెప్పండి. హోమ్‌కమింగ్ (పాత విద్యార్థులు తిరిగొచ్చే పండుగ) ఆటకి టికెట్లు కొన్నాం. అప్పటికైనా ఆ కుర్రాణ్ణి చూస్తామా?
(ఒక తండ్రి, ఫ్రిస్కో)

జవాబు: తీర్పు ముందే చెప్పేస్తాను, మిగతాది నన్ను తిట్టుకుంటూ చదువుకోండి. ప్రస్తుతానికి మీ అమ్మాయిదే రైటు. క్లాస్‌మేట్ అన్న అభిమానంతో ఆమె అటు మొగ్గి ఉండొచ్చు, నా కారణాలు వేరు. అలాగని మీ మాట కొట్టిపారేయదగ్గదీ కాదు. సీజన్ ఇంకా చాలా ఉంది, మీరన్నట్టు జరిగే రోజు రావచ్చు.

ముందు ఆ మూడు టచ్‌డౌన్ల సంగతి. కుర్రాడు దిగేసరికి స్కోరు ఎంతో మీరు రాయలేదు. 'చివర్లో దింపితే' అన్నారు కాబట్టి ఊహించుకోగలను. సెప్టెంబరులో పెద్ద యూనివర్సిటీలు చిన్న కాలేజీలకు డబ్బిచ్చి మరీ పిలిపించుకుని ఆడుతుంటాయి. మూడో క్వార్టర్ అయ్యేసరికే ఆట తేలిపోతుంది. అవతలి జట్టులో అసలైన డిఫెండర్లు హెల్మెట్లు తీసేసి బెంచి మీద నీళ్లు తాగుతుంటారు. మైదానంలో మిగిలినవాళ్లు ఎవరికీ దెబ్బలు తగలకుండా ఇంటికి పోతే చాలన్నట్టు వెనక్కి తగ్గి ఆడతారు. దీన్నే ఇక్కడ గార్బేజ్ టైమ్ అంటారు. అందులో వేసిన టచ్‌డౌన్ వల్ల కుర్రాడి చేతిలో బలం ఉందని తెలుస్తుంది. ఆ సంగతి కోచ్‌కి ఎప్పుడో తెలుసు, అది చూసే కదా స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకున్నాడు.

ఇక ఫామ్. ఈ మాట బ్యాటర్లకు సరిపోతుంది. ఒకడు బాగా ఆడుతుంటే ఆరో నంబరులోనో ఏడో నంబరులోనో ఎలాగోలా ఇరికించొచ్చు. క్వార్టర్‌బ్యాక్ మాత్రం వికెట్‌కీపర్ లాంటివాడు, ఉన్నది ఒక్కటే చోటు. ధోనీ ఉన్నన్నాళ్లు దినేశ్ కార్తీక్‌కీ పార్థివ్ పటేల్‌కీ కీపర్‌గా కుదురుకునే వీలు దొరకలేదని మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా ఫుట్‌బాల్‌లో అటాక్ చేసే దాదాపు ప్రతి ప్లేలోనూ (బంతి కదిలి మళ్లీ ఆగేదాకా సాగే ఒక్కో విడతలోనూ) బంతి ముందు ఇతని చేతికే వస్తుంది. ఇతన్ని మార్చడమంటే మిగతా పదిమంది ఆటనూ మార్చడమే.

మీరు ఆ కుర్రాణ్ణి చూసింది మహా అయితే పావుగంట. కోచ్ వసంతకాలంలో 15 ప్రాక్టీసులు చూశాడు, ఆగస్టు క్యాంపంతా చూశాడు, ఇప్పుడు ప్రతి మంగళవారం, బుధవారం చూస్తున్నాడు. సీజన్‌లో ఆటగాళ్లతో వారానికి 20 గంటలకు మించి పని చేయించకూడదని కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ నియమం. జిమ్, వీడియోలు, మీటింగులు అన్నీ అందులోనే. ఆ కాస్త సమయంలో మొదటి జట్టుతో విసిరే అవకాశాలు, అంటే రెప్స్, చాలావరకు స్టార్టర్‌కే ఇవ్వాలి. చెరిసగం పంచితే ఇద్దరికీ అరకొర తయారీయే. పాస్ పట్టే రిసీవర్ ఎన్నో అడుగులో మలుపు తిరుగుతాడు, సెంటర్ బంతిని ఎంత వేగంగా వెనక్కి పంపుతాడు, ఇలాంటివన్నీ ఒక్కడితో పదేపదే చేస్తేనే అలవాటవుతాయి. అందుకే కోచ్‌లు ఆగస్టులోనే ఎవరో ఒకరి పేరు తేల్చేసుకోవాలని చూస్తారు. తేల్చిన పేరును బయటికి చెప్పకుండా మొదటి ఆట దాకా నానబెట్టేవాళ్లూ ఉన్నారనుకోండి, ప్రత్యర్థిని టెన్షన్ పెట్టడానికి.

స్టాండ్‌లోంచి కనబడని పని ఒకటుంది, మీ వాదన అసలు బెడిసికొట్టేది అక్కడే. ఒక ప్లే ముగిసి తర్వాతి ప్లే మొదలవ్వాల్సిన వ్యవధి 40 సెకన్లు. 2024 నుంచి పెద్ద కాలేజీ జట్లలో కోచ్ హెల్మెట్‌లోని రేడియో ద్వారా క్వార్టర్‌బ్యాక్‌తో మాట్లాడొచ్చు. గడియారం 15 సెకన్లకు దిగగానే అది కట్ అయిపోతుంది. ఆ పదిహేను సెకన్లు కుర్రాడు ఒంటరి. ఎదురుగా ఇద్దరు సేఫ్టీలు (అందరికన్నా వెనక ఉండే డిఫెండర్లు) లోతుగా నిలబడ్డారా, ఒకడు ముందుకు జరిగాడా చూసుకోవాలి. మధ్య లైన్‌బ్యాకర్ (అవతలి ముందు వరస వెనకాల నిలబడే డిఫెండర్) ఎవరో తేల్చి, వేలు చూపించి తన ముందుండే లైన్‌మెన్‌కి చెప్పాలి. అడ్డుకునే లైన్‌మెన్ ఐదుగురే. ఆరోవాడు దూసుకొచ్చేలా ఉంటే రన్నింగ్ బ్యాక్‌ని (బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి) అటువైపు జరపాలి, లేదా బంతి వెంటనే ఎవరికి వదలాలో అప్పటికప్పుడు అనుకోవాలి. పిలిచిన ప్లే పనికిరాదనిపిస్తే మార్చేయాలి. ఇదంతా ఎనభై వేలమంది అరుస్తుంటే! ఫ్రెష్‌మన్ దిగినప్పుడు కోచ్ ఈ భారం సగానికి సగం తగ్గించి, ఒకవైపే చూసి విసిరే తేలిక ప్లేలు ఇస్తాడు. ఒక పూటకి అది చక్కగా పనిచేస్తుంది. మూడు వారాల్లో ప్రత్యర్థులందరూ ఆ వీడియోలు చూసేస్తారు, ఇక అటువైపు దారి మూసుకుపోతుంది.

ఇద్దరిలో ఎవరు గొప్పగా విసురుతారన్నది మనం, స్టాండ్‌లో వాళ్లం, చూసే లెక్క. కోచ్ చూసేది ప్లే చెడిపోయినప్పుడు ఎవరు ఏం చేస్తారని. అనుకున్న రిసీవర్ కింద పడిపోయాడు, కుడివైపు లైన్ విరిగిపోయింది, మీదికి మనిషి వచ్చేశాడు. అప్పుడు బంతిని గీత బయటికి పారేసి మళ్లీ ఆడేవాడు ఒకరకం, ఏదో ఒకటి చేసి తీరాలని ముగ్గురి మధ్యలోకి విసిరేవాడు ఇంకోరకం. ఒక ఆటలో అరవై డెబ్బై ప్లేలు ఉంటే వాటిలో పది పన్నెండు ఇలాగే చెడిపోతాయి. ఐదు స్టార్ల కుర్రాడు హైస్కూల్లో అలాంటప్పుడు కూడా చెయ్యి బలంతో నెట్టుకొచ్చి ఉంటాడు. ఇక్కడ అవతలివాళ్లూ ఐదు స్టార్లవాళ్లే.

మీరు చెప్పిన రెండు ఇంటర్‌సెప్షన్లను కూడా వీలైతే మళ్లీ వీడియోలో చూడండి. రిసీవర్ చేతికి తగిలి ఎగిరిన బంతిని అవతలివాడు పట్టినా, రిసీవర్ తప్పుదారిలో పరుగెత్తినా, లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే పడుతుంది. కాలేజీ లెక్కల్లో ఇంకో తమాషా, శాక్ అయితే, అంటే విసరకముందే పడగొట్టేస్తే, పోయిన యార్డులను పరుగుల లెక్కలోంచి కోస్తారు. బంతిని పట్టుకుని తెల్లమొహం వేసుకుని నిలబడేవాడికి పాసింగ్ అంకెలు చెక్కుచెదరవు! అంకెలు చూసి కోచ్‌ని తిట్టేముందు ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

'మరి అలబామా కోచ్ సేబన్ చేయలేదా?' అని మీరు అడుగుతారని తెలుసు. 2018 జనవరి 8, అట్లాంటా. జాతీయ ఛాంపియన్‌షిప్ ఆట, అలబామా మీద జార్జియా. సగం ఆట ముగిసేసరికి జార్జియా 13-0తో ముందుంది. అలబామా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ రెండు సీజన్లు జట్టును నడిపాడు, మొత్తం మీద ఓడింది రెండే ఆటలు. ఆ రాత్రి మాత్రం 8 పాస్‌లలో 3 అందాయి, వచ్చింది 21 యార్డులు. కోచ్ నిక్ సేబన్ హాఫ్‌టైమ్‌లో అతన్ని కూర్చోబెట్టి టువా టాగోవైలోవా అనే ఫ్రెష్‌మన్‌ని దింపాడు. కుర్రాడు మూడు టచ్‌డౌన్లు వేశాడు, ఒక ఇంటర్‌సెప్షన్ కూడా ఇచ్చాడు. ఓవర్‌టైమ్‌లో జార్జియా 23-20తో ఆధిక్యంలో ఉండగా మొదటి ప్లేలోనే 16 యార్డులు వెనక్కి శాక్ అయ్యాడు. అచ్చం ఫ్రెష్‌మన్ చేసే తప్పు. తర్వాతి ప్లేలో కుడివైపు చూస్తూ సేఫ్టీని అటు లాగి, ఎడమవైపు గీత పక్కన పరుగెడుతున్న డెవాంటా స్మిత్‌కి 41 యార్డుల పాస్ వేశాడు. 26-23, ట్రోఫీ అలబామాది.

ఈ కథను మీ పక్షంవాళ్లందరూ చెప్తారు. కానీ అక్కడ సేబన్ చూసింది ఒక రోజు మెరుపును కాదు, తన జట్టు బంతిని కదపలేకపోవడాన్ని. చేతిలో మిగిలింది అరగంట ఆట. టువా ఆ ఏడాదంతా అదే జట్టుతో ప్రాక్టీసు చేశాడు, తేలిపోయిన ఆటల్లో చాలాసార్లు దిగాడు. పైగా కథ అక్కడితో ఆగలేదు. 2018 సీజన్‌కి టువా స్టార్టర్ అయ్యాడు. హర్ట్స్ వెళ్లిపోతాడని అందరూ అనుకున్నారు, అతను ఉండిపోయాడు. డిసెంబర్ 1న అదే అట్లాంటా, అదే స్టేడియం, మళ్లీ జార్జియానే. ఎస్‌ఈసీ (ఈ రెండు జట్లూ ఉన్న కాన్ఫరెన్స్, అంటే యూనివర్సిటీల లీగ్) ఫైనల్లో టువా గాయపడి బయటికొచ్చాడు, అలబామా 28-21తో వెనకబడి ఉంది. హర్ట్స్ దిగి ఒక టచ్‌డౌన్ పాస్ వేశాడు, ఇంకోటి తనే పరుగెత్తి వేశాడు. 35-28. ఆ రెండు ఆటల్లోనూ అలబామాను కాపాడింది బెంచి మీదున్నవాడే.

అలా ఉండిపోయేవాళ్లు ఇప్పుడు తక్కువ. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. 2021 నుంచి ఒకసారికి, 2024 నుంచి ఎన్నిసార్లయినా, చదువులో సరిగ్గా ఉంటే ఏడాది ఆగకుండానే వేరే యూనివర్సిటీకి మారి ఆడొచ్చు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లిస్తున్నాయి. కాబట్టి స్టార్టర్‌ని ప్రకటించిన మరుక్షణం రెండోవాడి ఇంట్లో ఫోన్లు మోగుతాయని ప్రతి కోచ్‌కీ భయం. హర్ట్స్ కూడా డిగ్రీ చేతికొచ్చాక 2019లో ఓక్లహామాకి వెళ్లాడు. ఆ ఏడాది ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓట్లలో అతన్ని రెండో స్థానానికి నెట్టిన జో బరో ఎవరనుకున్నారు? ఒహాయో స్టేట్‌లో డ్వేన్ హాస్కిన్స్‌తో పోటీలో స్టార్టర్ కాలేక లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్‌ఎస్‌యూకి) వెళ్లినవాడే. 2019లో 60 టచ్‌డౌన్ పాస్‌లు, ఒక్క ఓటమి లేదు.

దీనికి రెండోవైపు క్లెమ్సన్. 2017లో ప్లేఆఫ్‌కి తీసుకెళ్లిన కెల్లీ బ్రయంట్ 2018లో నాలుగు ఆటలు మొదలుపెట్టాడు, నాలుగూ గెలిచారు. అయినా కోచ్ డాబో స్వీనీ ఫ్రెష్‌మన్ ట్రెవర్ లారెన్స్‌ని స్టార్టర్‌గా ప్రకటించాడు. నాలుగు ఆటలకు మించి ఆడకపోతే, కాలేజీలో ఆడేందుకు ఉన్న నాలుగేళ్లలో ఆ ఏడాది లెక్కలోకి రాదన్న కొత్త నియమం అప్పుడే వచ్చింది. బ్రయంట్ ఆ వారంలోనే జట్టు వదిలేశాడు. శనివారం సిరక్యూస్ మీద లారెన్స్‌కి దెబ్బ తగిలింది. మిగిలింది మూడోవాడు, చేజ్ బ్రైస్. అతను 94 యార్డుల డ్రైవ్ (బంతి చేజారకుండా వరసగా ఆడిన ప్లేలు) నడిపి 27-23తో గెలిపించాడు గానీ లేకపోతే స్వీనీని ఊళ్లో నడవనిచ్చేవాళ్లు కాదు. ఆ ఏడాది క్లెమ్సన్ 15-0తో ఛాంపియన్ అయింది కాబట్టి ఇప్పుడు అందరూ అది గొప్ప నిర్ణయమంటారు. గొప్పదే. నాలుగు గెలుపుల తర్వాత మార్చడానికి చాలా ధైర్యం కావాలి. కాకపోతే అతను నాలుగు వారాలు ఇద్దరినీ అసలు ఆటల్లో, ఆట తేలకముందే దింపి చూశాడు. మీ కోచ్ అలా చూశాడా అన్నది నేను అడిగే ప్రశ్న. చూడకపోతే అక్కడ మీరు ఆయన్ని నిలదీయొచ్చు.

ఇద్దరినీ చెరో క్వార్టర్ ఆడించొచ్చు కదా అంటారేమో. 1999లో మిషిగన్ కోచ్ లాయిడ్ కార్ అదే చేశాడు. మొదటి క్వార్టర్ ఒకడికి, రెండోది డ్రూ హెన్సన్‌కి, హాఫ్‌టైమ్‌లో ఎవరు బాగుంటే వాళ్లకి మిగతాది. మిషిగన్ స్టేట్ మీద హెన్సన్‌ని కొనసాగించి వెనకబడ్డారు, మళ్లీ మొదటివాణ్ణి దింపితే ఎంతో పుంజుకుని కూడా 34-31తో ఓడారు. ఆ మొదటివాడు టామ్ బ్రేడీ. మరుసటి ఏడాది ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 199వ నంబరుకి గానీ ఎవరూ తీసుకోలేదు. సొంత కోచే పూర్తిగా నమ్మలేదన్న అనుమానం అందులో ఎంతో కొంత పనిచేసిందని నా అభిప్రాయం. 2014లో గాయాల వల్ల మూడోవాడు కార్డేల్ జోన్స్‌తో ఆఖరి మూడు ఆటలూ గెలిచి ఛాంపియన్ అయిన ఒహాయో స్టేట్ కూడా, 2015లో జోన్స్, జె.టి. బారెట్ ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు అటూ ఇటూ మార్చి తికమకపడింది. మిషిగన్ స్టేట్ మీద 17-14తో ఓడి ప్లేఆఫ్‌కే వెళ్లలేదు. ఇద్దరితో బాగా కుదిరింది 2006 ఫ్లోరిడాకి. అక్కడ క్రిస్ లీక్ స్టార్టర్, ఫ్రెష్‌మన్ టిమ్ టీబో రెండు మూడు యార్డులు కావాల్సినప్పుడు దిగి గుద్దుకుంటూ పరుగెత్తేవాడు. ఎవరి పని వాళ్లది, పోటీ లేదు. మీ ఫ్రెష్‌మన్ పరుగెత్తగలవాడైతే ఇలా కొన్ని ప్లేలకు దింపమని కోరుకోండి, అది న్యాయమైన కోరిక.

మరి మీ మాట ఎప్పుడు నెగ్గుతుంది? ఒక ఓటమితో నెగ్గదు. మీ మూడో సంవత్సరం కుర్రాడు ఒకే తప్పు వారం తర్వాత వారం చేస్తున్నాడా చూడండి. మొదటి రిసీవర్ దొరకకపోతే రెండోవాణ్ణి చూడకుండానే పరుగందుకుంటున్నాడా, థర్డ్ డౌన్‌లో (పది యార్డులు సాధించడానికి ఇచ్చే నాలుగు అవకాశాల్లో మూడోదానిలో) పది యార్డులు కావాలంటే నాలుగు యార్డుల పాస్‌తో సరిపెడుతున్నాడా? ఇంకోటి, అందిన పాస్ ఎక్కడ పడుతోందో గమనించండి. పరుగెత్తే రిసీవర్ ఛాతీ ముందు పడితే ఇంకో పది యార్డులు వస్తాయి. వెనక పడితే అతను ఆగి, వంగి పట్టుకుని అక్కడే పడిపోతాడు. లెక్కల్లో రెండూ అందిన పాస్‌లే. శాక్ అయిన తర్వాతి ప్లేలో అతని కాళ్లు చూడండి. రెండడుగులు వేసి విసరాల్సినవాడు గుర్రంలా చిందులు తొక్కుతుంటే భయం పట్టుకుందని అర్థం. ఇవన్నీ రెండు మూడు కాన్ఫరెన్స్ ఆటల్లో వరసగా కనబడితే మీ అమ్మాయికి ఫోన్ చేసి 'చూశావా' అనండి, నేనూ మీ పక్షమే.

కోచ్ జీతం గురించి ఒక మాట. లక్షలేమిటండీ, పెద్ద జట్లలో ఏడాదికి కోటి డాలర్లు దాటినవాళ్లున్నారు. అంత జీతం పోగొట్టుకోవడానికి సిద్ధపడి ఎవడూ అభిమానం కొద్దీ చేతగానివాణ్ణి ఆడించడు. పొరపాటు చేయొచ్చు, మొండితనమూ ఉండొచ్చు. మీకు తెలిసిన 'ఫామ్' ఆయనకు తెలియదని మాత్రం అనుకోకండి.

ఇక ఆ అరుపు. టికెట్ కొన్నారు, అరిచే హక్కు మీకుంది. డబ్బు తీసుకుని ఆడుతున్నారు కాబట్టి మాటలు పడాల్సిందేననే వాదనా ఈమధ్య బలపడింది, అందులో కొంత నిజముంది కూడా. కానీ మీ అమ్మాయి సోమవారం ఆ అబ్బాయి పక్క బెంచిలో కూర్చుని ప్రాబబిలిటీ లెక్కలు చేసుకోవాలి. మీరు అరిచింది అతని తల్లిదండ్రులు కూర్చునే వైపుకి వినబడిందేమోనని కూడా ఆమెకు దిగులుండొచ్చు, ఆటగాళ్ల కుటుంబాలు కూర్చునేదీ ఆ స్టాండ్లలోనే మరి. 'సారీరా తల్లీ' అని ఒక్క మెసేజ్ పెట్టండి. కోచ్‌ని తిట్టుకోవాలంటే తిట్టుకోండి, దానికి అమ్మాయి వరస మారదని నా నమ్మకం.

హోమ్‌కమింగ్ టికెట్ల సంగతి. మీ జట్టు షెడ్యూల్‌లో ఆట లేని వారం, అంటే బై వీక్, ఎప్పుడుందో చూడండి. క్వార్టర్‌బ్యాక్‌ని మార్చాలనుకునే కోచ్‌కి అంతకన్నా మంచి సమయం దొరకదు. కొత్తవాడికి మొదటి జట్టుతో రెండు వారాల ప్రాక్టీసు దొరుకుతుంది. హోమ్‌కమింగ్ ఆ వారం తర్వాత ఉంటే మీ ఆశ నెరవేరే అవకాశం కొంతైనా ఉంది. ముందే ఉంటే ఆధిక్యం నాలుగు టచ్‌డౌన్లు దాటేదాకా స్టాండ్ వదిలి కదలకండి. కుర్రాడు దిగేది అప్పుడే.